కెమెరాకు డయల్ ఒకటా, రెండా, అంకెలు చెక్కినదా? సెట్టింగ్‌లు మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్ నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

తలంబ్రాల ఫొటో తీసినవాళ్లకు ఈ కష్టం తెలుసు. బియ్యం గాల్లో ఉండేది రెప్పపాటే. షట్టర్ సెకనులో 1/60 వంతు తెరుచుకుంటే తెల్లటి గీతలు పడతాయి, 1/500లో గింజ గింజా విడిగా నిలుస్తుంది. అయితే షట్టర్ స్పీడ్ అంత పెంచితే లోపలికొచ్చే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వెంటనే అపర్చర్ (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రం) తెరవాలి, అదీ చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు) పెంచాలి. పిన్ని కూతురి పెళ్లిలో నా చేతిలో ఉన్నది ఒక్క డయల్ (సెట్టింగ్ మార్చేందుకు వేలితో తిప్పే చక్రం) కెమెరా. షట్టర్ మార్చి, అపర్చర్ బటన్ తడుముకునేసరికి దోసిళ్లు ఖాళీ అయిపోయాయి. ఆ ఫొటో లేని లోటు ఇప్పటికీ నాకు బాధే. అందుకే మెగాపిక్సెళ్ల కన్నా ముందు డయళ్లు చూడమంటాను.

క్యానన్ 1500డికి షట్టర్ బటన్ వెనక ఒకే డయల్ ఉంటుంది. మాన్యువల్‌లో అది షట్టర్ స్పీడ్ మారుస్తుంది. అపర్చర్ కావాలంటే వెనకున్న ఏవీ బటన్‌ను బొటనవేలితో నొక్కి పట్టుకుని అదే డయల్ తిప్పాలి. ఏవీ మోడ్‌లో (అపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా పెట్టుకుంటుంది) మాత్రం డయల్ నేరుగా అపర్చర్‌దే. ఎక్కువగా ఆ మోడ్‌లోనే తీసేవాళ్లకు ఇది చాలు.

2019లో వచ్చిన నికాన్ జెడ్50కి రెండు డయళ్లు. బొటనవేలి కింద షట్టర్, చూపుడువేలి ముందు అపర్చర్. కన్ను ఫైండర్ (ఫొటో చూసే కిటికీ) నుంచి తీయక్కర్లేదు. వెలుతురు రెట్టింపు లేదా సగం అయితే ఒక స్టాప్. ఒక్కో క్లిక్ మూడో వంతు స్టాప్ కాబట్టి 1/60 నుంచి 1/500కి తొమ్మిది క్లిక్‌లు. లెక్కపెట్టుకుంటూ వారం రోజులు తిప్పితే వేళ్లకే అలవాటవుతుంది.

అదే ఏడాది వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ30 అందం వేరు. షట్టర్ అంకెలు డయల్ మీదే చెక్కి ఉంటాయి, కెమెరా ఆన్ చేయకుండానే ఏ స్పీడ్‌లో ఉందో చూసుకోవచ్చు. 35 ఎంఎం ఎఫ్2 లాంటి లెన్స్ ఉంటే లెన్స్ చుట్టూ తిప్పే అపర్చర్ రింగ్ కూడా చేతిలోకి వస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోకు చేరే వెలుతురు) అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే ఇంతకన్నా మంచి పలక దొరకదు. కానీ దాంతో వచ్చే 15-45 కిట్ లెన్స్‌కు ఆ రింగ్ లేదు. చెక్కిన అంకెల మధ్య స్పీడ్‌లు కావాలంటే మళ్లీ అంకెలు లేని కమాండ్ డయల్ తిప్పాల్సిందే. ఇంకో సంగతి, షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓ మూడూ మీరే పెట్టినప్పుడు పైనున్న కాంపెన్సేషన్ డయల్ (వెలుతురు కాస్త పెంచే, తగ్గించే డయల్) తిప్పినా ఫొటో వెలుతురు మారదు. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

పెళ్లిళ్లు, ఆటలు, పరిగెత్తే పిల్లలు మీ సబ్జెక్ట్ అయితే రెండు డయళ్ల జెడ్50 తీసుకోండి. తీరిగ్గా నడుస్తూ వీధులు, గుళ్లు తీసేవాళ్లు రింగ్ ఉన్న లెన్స్‌తో ఫ్యూజీ తీసుకోవచ్చు. ఏదైనా షాపులో కన్ను ఫైండర్‌కు ఆనించి, 1/60 నుంచి 1/500కి, అపర్చర్‌ను ఎఫ్16 నుంచి ఎఫ్8కి ఒకసారి మార్చి చూడండి. చేతిని చూసుకోకుండా మార్చగలిగితే ఆ కెమెరాకు బిల్లు వేయించండి.