కొన్ని సీజన్ల తర్వాత ఉలువాటు: పోటు, గుహ, జనం

బాలి దక్షిణాన, బుకిట్ ద్వీపకల్పం అంచున విరిగే ఈ సర్ఫింగ్ లెఫ్ట్‌కి (సర్ఫర్‌కి ఎడమవైపు విరుగుతూ పోయే అలకి) అలల విషయంలో అయిదుకి అయిదు వేస్తాను. ఒడ్డెక్కే వీలుకి మాత్రం రెండే. ఇది అభిమన్యుడి పద్మవ్యూహం. మెట్లు దిగి, గుహలోంచి నీళ్లలోకి పోవడం ఎవరికైనా వస్తుంది, తిరిగి రావడానికే లెక్క కావాలి.

సీజన్ ఏప్రిల్ నుంచి అక్టోబరు. అప్పుడు ఆగ్నేయపు గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది, అల ముఖం చెదరకుండా నిలుస్తుంది. ఫోర్‌కాస్ట్‌లో ఎత్తొక్కటే చూసి దిగొద్దు. 1.5 మీటర్ల స్వెల్ (దూరం నుంచి వచ్చే అలల వరస) 8 సెకన్ల పీరియడ్‌తో (ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య కాలం) వస్తే మామూలు రోజే. అదే 16 సెకన్లతో వస్తే రీఫ్ (నీటి అడుగున ఉండే పగడపు దిబ్బ) తగలగానే చాలా ఎత్తుకు లేస్తుంది. పైగా సెట్‌కీ సెట్‌కీ (గుంపుగా వచ్చే పెద్ద అలలకి) మధ్య ఎడం ఎక్కువ, ఆ ఖాళీలో చూసినవాళ్లకి సముద్రం నిద్రపోతున్నట్టే ఉంటుంది. కొండ మీద ఇరవై నిమిషాలు కూర్చుని, కనీసం రెండు సెట్లు చూశాకే లీష్ (బోర్డుని కాలికి కలిపే తాడు) కట్టుకోండి.

రీఫ్ ఒకటే అయినా నీటిమట్టాన్ని బట్టి చోటు మారుతుంది. ఇక్కడ అల విరిగే చోట్లలో టెంపుల్స్, పీక్ సగం పోటు నుంచి నిండు పోటు దాకా బాగుంటాయి. రేస్‌ట్రాక్ నీరు తగ్గాక బ్యారెల్ (గొట్టంలా చుట్టుకునే అల) అవుతుంది, బాగా తగ్గితే అదే ప్రమాదం. ఔట్‌సైడ్ కార్నర్‌కి ఆటూ కావాలి, పెద్ద స్వెల్లూ కావాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటుకీ పోటుకీ తేడా 2 మీటర్లు దాటుతుంది. అదీ సమానంగా మారదు, ఆరు గంటల్లో నడిమి రెండు గంటల్లోనే సుమారు సగం నీరు వచ్చేస్తుంది, లేదా పోతుంది. దిగినప్పుడు సరిపోయిన లోతు గంటన్నర తర్వాత ఉండకపోవడానికి కారణం ఇదే.

ఇక గుహ. ఇక్కడి ప్రవాహం ఉత్తరానికి, పడాంగ్ పడాంగ్ బీచ్ వైపు లాగుతుంది. ఒడ్డుకి తిరిగాక అది మీకు ఎడమవైపు. అందుకే గుహకి సూటిగా ప్యాడిల్ చేస్తే (బోర్డు మీద పడుకుని చేతులతో ఈదితే) దాటిపోతారు. కుడివైపు, ప్రవాహం వచ్చే దిక్కున బాగా పైకి, కనీసం 50 మీటర్లు, గురి పెట్టండి. స్వెల్ పెద్దదైతే ఇంకా పైకి. నిండు పోటులో గుహలోపల అలలు గోడలకి కొట్టుకుని తిరిగొస్తాయి కాబట్టి సెట్ అయిపోయిన వెంటనే దూరాలి, బోర్డుకీ రాయికీ మధ్య మీరు ఇరుక్కోవద్దు. గురి తప్పిందా, ప్రవాహానికి ఎదురీదకండి. మళ్లీ బయటికి వెళ్లి, విరిగే చోటుకి దూరంగా చుట్టి, ఇంకోసారి రండి. చేతులు అలిసిపోయాక ఈ రెండో చుట్టు చాలా బరువు, అందుకే కాస్త ఓపిక మిగిలుండగానే బయల్దేరడం మంచిది.

జనానికి ఒకటిన్నర మార్కు. పీక్ దగ్గర స్థానికుల వరస ముందుంటుంది, ఉండాలి కూడా. అల విరిగే చోటికి అందరికన్నా దగ్గరున్నవాళ్లదే ఆ అల. ప్యాడిల్ చేస్తూ లోపలికి వెళ్తుంటే ఎవరైనా అల మీద ఎదురొస్తే, వాళ్ల దారికి అడ్డంగా భుజం (అల ఇంకా విరగని భాగం) వైపు పరుగెత్తకండి. నురుగు వైపే వెళ్లి దెబ్బ మీరే తినండి. డక్ డైవ్ (బోర్డుతో సహా అల కిందికి మునగడం) రాక బోర్డు వదిలేసేవాళ్లు ఇక్కడికి రాకపోవడమే అందరికీ క్షేమం.

రుషికొండ లాంటి ఇసుక తీరంలో నేర్చుకున్నవాళ్లకి ఒక పాత అలవాటు ఉంటుంది, పడగానే కాలు కింద పెట్టడం. ఇక్కడ అదే కోతకి మూలం. ముందుకు తలకిందులుగా దూకకుండా వీపు మీదో పక్కకో వెడల్పుగా పడండి, పైకి వచ్చేటప్పుడు చేతులతో తల కప్పుకోండి. ఆటులో రీఫ్ మీద నడవాల్సి వస్తే 2 మిల్లీమీటర్ల నియోప్రీన్ బూట్లు చాలు, సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవి) ముళ్లు మాత్రం వాటినీ దాటొచ్చు. ముల్లు దిగితే కాలిని భరించగలిగినంత వేడి నీళ్లలో అరగంటైనా ఉంచండి.

కోసుకుంటే నిమ్మకాయ రుద్దమనే సలహా అక్కడ తప్పక వినిపిస్తుంది. మంట తప్ప దానితో ఒరిగేది తక్కువ. శుభ్రమైన నీళ్లు ధారగా పోసి, మెత్తటి బ్రష్‌తో పగడపు పొడి తీసేసి, పొవిడోన్ అయోడిన్ రాయండి. టెటనస్ ఇంజెక్షన్ బయల్దేరే ముందే వేయించుకోవాలి. మర్నాటికి చుట్టూ ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా సర్ఫింగ్ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.