మా మామ పళ్లు తెల్లగా చేసి ఇచ్చారు: నల్గొండలో ఒక ఫొటో స్టూడియో గురించి

నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గరలోని ఒక స్టూడియోలో పోయిన నెల పాత ఫొటో ఒకటి బాగుచేయించి, వంశవృక్షం ఫ్రేము కూడా కట్టించాను. మొదట చేసిన పని చూసి మండిపోయాను, చివరికి తెచ్చుకున్నది రోజూ చూసుకుంటున్నాను. అందుకే పేరు రాయట్లేదు.

ఫొటో మా అత్తమ్మ, మామలది. మామ మా అమ్మకు అన్న, అత్తమ్మ మా నాయినకు చెల్లె. కుండమార్పిడి పెళ్లిళ్లు, రెండూ ఒకే పందిట్లో అయినయ్. మామది మర్రిగూడ వైపు, మాది కల్వకుర్తి దగ్గర. సాగర్ డ్యాం కడుతుంటే మామ రాతిపనికి పోయాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేస్తే 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ 12 ఏళ్లలో మామవి 7 ఏళ్లు. కూలి డబ్బులు చేతికొచ్చిన ఒక పండగకు ఇద్దరూ దిగిన ఫొటో అది. మామ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అత్తమ్మ మొహం గంటు పెట్టుకుంది. ఫొటో తీసేటాయన తల సరిచేద్దామని గడ్డం పట్టుకోబోయాడట. ముసలితనంలో కూడా ఆ సంగతి ఎత్తి తిట్టేది.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్తా. ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఇంకో షాపులో అడిగితే, చాకు పెట్టి లేపుతామన్నారు. ఇక్కడి పిల్లగాడు మాత్రం వద్దన్నాడు, లేపితే మొహాలు అద్దానికే ఉండిపోతయ్ అన్నాడు. అద్దం తుడిచి, దాని మీదినుంచే స్కాన్ చేశాడు. ఆ ఒక్క పనికే 450 రూపాయలు ఇవ్వొచ్చు.

నాలుగో రోజు ఫోన్ చేస్తే పోయాను. స్క్రీన్ మీద చూస్తే ఎవరో సీరియల్ జంట! అత్తమ్మ చామనఛాయ, తెల్లగా చేసి పెట్టారు. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు లేదు. “మరకలన్నీ తీసేసినం అంకుల్” అన్నాడు పిల్లగాడు సంబరంగా. అన్నిటికంటే మామ పళ్లు చూసి నాకు నోట మాట రాలేదు. ముత్యాల్లా మెరుస్తున్నయ్.

మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన మనిషి పళ్లు అట్లా ఉండవు. అడ్డంగా గోధుమరంగు చారలు ఉంటయ్, ఫ్లోరైడ్ చారలు. చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పడతయ్, పెద్దయ్యాక ఎంత తోమినా పోవు. అత్తమ్మ పెళ్లయ్యాక ఆ ఊరికి వచ్చింది కాబట్టి ఆమె పళ్లకు చారలు లేవు, మోకాళ్లు మాత్రం తర్వాత పట్టేసినయ్. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతటా నల్గొండ టెక్నిక్ అనే పేరు. అట్లాంటి ఊళ్లో కూర్చుని ఆ చారలను మరకలనుకుంటే ఎట్లా? నేను గట్టిగానే అన్నాను. పిల్లగాడు చిన్నబోయాడు. “సాఫ్ట్‌వేర్ దానంతటదే చేస్తది అంకుల్, మేం బటన్ నొక్కుతం అంతే” అన్నాడు.

వంశవృక్షం సంగతి ఇంకా ఘోరం. వాళ్ల దగ్గర రెడీమేడ్ డిజైన్ ఉంది. నాయిన పక్క ఒక కొమ్మ, అమ్మ పక్క ఒక కొమ్మ. నాయిన కొమ్మ మీద అత్తమ్మ, ఆమె పక్కన మామ. అమ్మ కొమ్మ మీద మామ, ఆయన పక్కన మళ్లీ అత్తమ్మ. అదే ఫొటో రెండుచోట్ల! తెలియనివాళ్లు చూస్తే మాకు ఇద్దరు మేనత్తలు, ఇద్దరు మేనమామలు అనుకుంటారు. కింద పేరుకు ముందు అంకుల్, ఆంటీ అని రాశారు. మా చిన్నాయినా అంకులే. నన్ను నాయిన కొట్టబోతే అడ్డం వచ్చి వీపు మీద దెబ్బ తిన్న మనిషి మామ, ఆయన అంకుల్ ఎట్లా అవుతాడు?

మరుసటి రోజు నేనే ఒక కుర్చీ లాక్కుని పిల్లగాడి పక్కన కూర్చున్నాను. రెండున్నర గంటలు పట్టింది. అసలు స్కాన్ తెరిపించి, చెదలు తిన్న మూల, మడత గీత మటుకే బాగుచేయమన్నాను. చుక్కలు, చారలు వెనక్కి వచ్చినయ్. రంగులు వద్దన్నాను. చెట్టు తీసేయించి, రెండిళ్ల మధ్య రెండు గీతలు అడ్డంగా దాటేటట్టు గీయించాను, నులక మంచం అల్లికలాగ. మేనత్త, మేనమామ, చిన్నాయిన అని తెలుగులో రాయించాను. పిల్లగాడికి కుండమార్పిడి అంటే అప్పుడు అర్థమైంది. “మా నానమ్మోళ్లది గూడ గిట్లనే అంకుల్” అని తనే ఇంకో కథ మొదలుపెట్టాడు, పని ఇంకో అరగంట ఆగింది.

మొత్తం 2,650 అయింది. దిద్దినందుకు అదనంగా అడగలేదు. ఫ్రేము చెక్క తేలిక, మేకు దగ్గర అప్పుడే వదులైంది, నేనే ఇంకో మేకు కొట్టుకున్నాను. పార్కింగ్ లేదు.

ఫొటో ఫోన్‌లో మా మామ బిడ్డకు పంపాను. సూరత్‌లో ఉంటుంది. కాసేపటికి ఫోన్ చేసింది, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనకొకటి, తమ్ముళ్లకు రెండు కాపీలు తీయించమంది. “పళ్లు మాత్రం ముట్టొద్దని చెప్పు బావా” అంది. రేపు పోయి చెప్పి రావాలి.