ప్రీ-ట్యాక్స్ కమ్యూటర్ కార్డు: రైలెక్కేవాళ్లకు భేష్, సైకిల్ తొక్కేవాళ్లకు సున్నా

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు కంపెనీలు ఇచ్చే బెనిఫిట్లలో అందరూ తేలిగ్గా తీసిపారేసేది ఈ కమ్యూటర్ కార్డునే, అంటే ఆఫీసు రాకపోకల ఖర్చుకు పన్ను పడకముందే జీతంలోంచి డబ్బు వేసుకునే కార్డు. న్యూయార్క్ సిటీలో ఫుల్‌టైమ్ ఉద్యోగులు 20 మందికి తగ్గని ప్రైవేటు కంపెనీలు 2016 నుంచి దీన్ని ఇచ్చి తీరాలి. హెచ్‌ఆర్ వాళ్లు ఎత్తకపోతే మీరే అడగండి.

2026లో నెలకు 340 డాలర్ల దాకా, పన్ను పడకముందే, జీతంలోంచి రైలు, బస్సు, సబ్‌వే ఖర్చుకు తీసి పెట్టుకోవచ్చు. స్టేషన్ దగ్గర పార్కింగుకు ఇంకో 340, అది వేరే ఖాతా. ఒకదాని డబ్బు ఇంకోదానికి వాడటం కుదరదు. 22 శాతం శ్లాబులో ఉండి 200 డాలర్ల పాస్ కొనేవాళ్లకు ఫెడరల్ ట్యాక్స్‌లో 44, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతల్లో 15.30, కలిపి నెలకు 59.30 మిగులుతుంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీ (చదువు తర్వాత చేసే తాత్కాలిక ఉద్యోగం) చేస్తూ, అమెరికా వచ్చి ఇంకా అయిదేళ్లు దాటని పిల్లలకు మాత్రం ఆ 15.30 ఆదా ఉండదు. వాళ్ల జీతంలో ఆ కోతే లేదు కదా.

చిక్కంతా కార్డు వాడకంలోనే. వచ్చే నెల పాస్ కావాలంటే జీతంలోంచి తీసే మొత్తాన్ని ఈ నెల గడువులోపే మార్చాలి. చాలా కంపెనీల్లో ఆ గడువు నెల మొదట్లోనే అయిపోతుంది. కార్డులో ఉన్న డబ్బుకన్నా టికెట్ ఒక్క డాలరు ఎక్కువైనా డిక్లైన్ అవుతుంది, అందుకే ఛార్జీలు పెరిగే నెలలో ముందే సరిచూసుకోవాలి. టికెట్ మెషీన్‌లోనో ట్రాన్సిట్ సంస్థ సొంత యాప్‌లోనో కొంటే సాఫీగా పోతుంది. పక్కనున్న కాఫీ షాపులో గీకితే పనిచేయదు, చేయకూడదు కూడా. సొంత క్రెడిట్ కార్డుతో టికెట్ కొనేసి, తర్వాత రసీదు పెట్టి డబ్బు తీసుకుందామంటే, ఇలాంటి కార్డు దొరికే చోట రైలు, బస్సు టికెట్లకు అది చెల్లదు. పార్కింగుకైతే రసీదు నడుస్తుంది.

వారానికి రెండ్రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లు మంత్లీ పాస్ జోలికి పోకుండా విడి టికెట్ల మేరకే పెట్టుకుంటే మేలు. ఈ మొత్తాన్ని నెలనెలా మార్చుకోవచ్చు, మిగిలింది వచ్చే నెలకు చేరుతుంది.

సైకిల్‌కు ఒకప్పుడు నెలకు 20 డాలర్ల పన్ను మినహాయింపు ఉండేది. 2018లో ఆపేశారు, 2025 చట్టంతో పూర్తిగా ఎత్తేశారు. కొలీగ్ కారులో పెట్రోలు పంచుకోవడం కూడా దీని కిందకు రాదు. దీని కిందకు వచ్చే వ్యాన్‌పూల్ (కొందరు కలిసి ఒకే బండిలో ఆఫీసుకు వెళ్లడం) అనిపించుకోవాలంటే డ్రైవర్ కాక కనీసం ఆరుగురు పెద్దవాళ్లు పట్టే బండి ఉండాలి.

హెచ్-1బీ ట్రాన్స్‌ఫర్‌తో వేరే కంపెనీకి మారే ఆలోచన ఉన్నవాళ్లు ముందుగానే కోత ఆపించుకోండి. ఉద్యోగం మానేశాక కార్డులో మిగిలిన ప్రీ-ట్యాక్స్ డబ్బు చేతికి రాదు, కొత్త కంపెనీ ఖాతాకూ మారదు.