మడత చాకు బ్లేడు ఆడుతోందా? బిగించడమా, కొట్టడమా, మార్చడమా: ఏది మేలు?

మడత చాకు బ్లేడు వదులైతే మన ముందున్న దారులు మూడు: స్క్రూ బిగించడం, రివెట్టును (రెండు చివరలూ తలలా అణచిన లోహపు మేకును) సుత్తితో కొట్టి బిగించడం, ఆ చాకును పక్కన పెట్టి కొత్తది కొనడం. ఏది మేలో చాకు ఖరీదు చెప్పదు, బ్లేడు ఏ దిక్కుకు ఆడుతోందో చూస్తే తెలుస్తుంది. అది చూడకుండా సుత్తి ఎత్తడం వల్లే మంచి చాకులు పాడవుతాయని నా గట్టి అభిప్రాయం.

వాదరకు మందపాటి టేపు అంటించి, బ్లేడును పూర్తిగా తెరిచి, పిడిని గట్టిగా పట్టుకోండి. బ్లేడు చదును వైపులను వేళ్లతో పట్టి కుడి ఎడమలకు కదపండి. తర్వాత పైకీ కిందికీ. పక్కలకు ఆడితే లోపం బ్లేడు తిరిగే ఇరుసు దగ్గర ఉంది: స్క్రూ వదిలింది, లేదా బ్లేడుకు అటూ ఇటూ ఉండే పలుచటి వాషర్లు అరిగాయి. పైకీ కిందికీ ఆడితే, తెరిచిన బ్లేడును మూసుకోకుండా ఆపే లాక్ అరిగింది, లేదా ఇరుసు రంధ్రం పెద్దదైంది. మొదటిది చాలావరకు ఇంట్లోనే బాగవుతుంది. రెండోది ఎంత బిగించినా పోదు.

ఇరుసుకు స్క్రూ ఉన్న చాకైతే మీ పని సగం అయిపోయినట్టే. ఆ స్క్రూ తల మీద చాలావాటికి ఆరు మొనల నక్షత్రం ఆకారపు గుంట ఉంటుంది. దానికి టోర్క్స్ డ్రైవరే కావాలి. ఎక్కువగా టీ6, టీ8 సైజులు సరిపోతాయి. దగ్గరగా ఉంది కదా అని అలెన్ కీ దూర్చి తిప్పితే గుంట అరిగిపోయి, ఆ తర్వాత ఏ పనిముట్టూ పట్టదు. పూర్తి చుట్టు తిప్పవద్దు. చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, తెరిచి మూసి చూసి, అవసరమైతే ఇంకాస్త తిప్పండి. బ్లేడు పక్కలకు ఆడకుండా, తెరవడానికి బలం పెట్టనవసరం లేకుండా ఉన్నచోట ఆపండి.

బిగించిన కొన్నాళ్లకే మళ్లీ వదులైతే స్క్రూ మరలకు థ్రెడ్ లాకర్, అంటే మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు, పెట్టాలి. ఆటోనగర్‌లో బోల్టుల కోసం అమ్మేదే ఇదీ. నీలం రంగుది తీసుకోండి, మామూలు డ్రైవర్‌తో మళ్లీ విప్పవచ్చు. ఎరుపుది విప్పాలంటే బాగా వేడి చేయాలి, ఆ వేడికి పిడి పాడవుతుంది. మరల మీది నూనెను స్పిరిట్‌తో తుడిచి, చిన్న చుక్క పెట్టి, ఒక రోజు వదిలేయండి. ప్లాస్టిక్ పిడికి అది తగలకుండా చూడండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దానివల్ల పగుళ్లు ఇస్తుంది.

రివెట్టు చాకుల సంగతి వేరు. ఇక్కడ కొట్టడం తప్పు కాదు, అసలు మార్గం అదే. కొట్టే తీరులోనే అంతా ఉంది. రివెట్టు ఒక తలను దాగలి మీదో, గట్టి ఇనుప దిమ్మె మీదో ఆనించి, రెండో తలను గుండ్రటి ముఖం ఉన్న చిన్న సుత్తితో అంచుల చుట్టూ తేలికగా తట్టాలి. నాలుగైదు దెబ్బలకోసారి బ్లేడు కదిపి చూడాలి. ఒక్క దెబ్బ ఎక్కువైతే బ్లేడు బిగుసుకుపోతుంది. వదులును బిగించినంత సులువుగా ఆ బిగింపును వదిలించలేం. కొమ్ము, ఎముక పిడులు దెబ్బ తగిలితే పగులుతాయి. అలాంటివి, తాతల నాటివి ఉంటే రివెట్టు పని తెలిసినవారికే ఇవ్వండి.

పూర్తి చెక్క పిడి ఉన్న ఓపినెల్ (ఫ్రాన్స్ కంపెనీ) రకం చాకులకు తొందర అసలే వద్దు. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, బ్లేడు బిగుసుకుంటుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు అదే చెక్క ఎండి వదులవుతుంది. మే నెలలో రివెట్టు కొట్టించుకుంటే ఆగస్టులో చాకు తెరుచుకోదు.

ఏ రకమైనా బిగించే ముందు ఇరుసు శుభ్రం చేయండి. మామిడి రసం, దుమ్ము చేరి గట్టిపడితే బిగింపు సరిగ్గా అంచనాకు రాదు. వంట నూనె వేయవద్దు, అది జిగురుగా మారుతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. పండ్లు కోసే చాకైతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ మంచిది.

ఇక పైకీ కిందికీ ఆడే చాకు. లైనర్ లాక్ ఉన్నవాటిలో బ్లేడును ఆపే స్టీలు పట్టీ ఎంత దూరం జరిగిందో చూడండి. ఎదుటి పలకను తాకేదాకా వెళ్లిందంటే అది అరిగిపోయినట్టే. అలాంటి చాకు పనిలో ఉండగానే వేళ్ల మీదికి మూసుకుపోవచ్చు. దాన్ని వాడటం ఆపేయండి. తయారీదారు మరమ్మతు చేసిస్తే సరే, లేదంటే కొత్తదే మేలు.

కొత్తది కొనేటప్పుడు ఇంటికీ ప్రయాణానికీ అయితే నా ఓటు స్క్రూ ఇరుసుకే, ఎందుకంటే దాన్ని మీరే విప్పి, కడిగి, సరిచేసుకోగలరు. దుకాణంలోనే బ్లేడును నాలుగు దిక్కులా కదిపి చూసి తీసుకోండి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) కుట్లు తెంచడం, మూతలు పెకలించడం లాంటి పనులకు మాత్రం మడత చాకే వద్దు. బ్లేడును పక్కకు మెలిపెట్టే ప్రతిసారీ ఆ భారం ఇరుసు మీద పడుతుంది. ఆ పనికి మడత లేని చిన్న కత్తి, దానికో ఒర ఉంటే చాలు.