నేల కింద నీళ్ళలో ఈత: వయ్యదోలిద్ సెనోటేలు

మెక్సికోలోని కాంకూన్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది బీచ్ రిసార్ట్‌లో ఉండి, ఒక రోజు టూర్ బస్సులో చిచెన్ ఇట్జా మాయా శిథిలాలు చూసి, దారిలో ఏదో ఒక సెనోటేలో, అంటే నేల కింది నీటి గుహలో, అరగంటో ముప్పావుగంటో ఈదేసి వచ్చేస్తారు. ఈత కోసమే వెళ్ళాలనుకుంటే ఆ బస్సు ఎక్కొద్దు. ముందు రోజు రాత్రికే వయ్యదోలిద్ అనే ఊరు చేరుకోండి. పొద్దున్నే, జనం రాకముందే నీళ్ళలో దిగొచ్చు.

ఈ ఊరున్న యుకటాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేల మీద నదులు లేవు. అంతా సున్నపురాయి. వాన నీరు ఆ రాయిని కరిగించుకుంటూ దిగిపోయి కిందనే పారుతుంది. గుహ పైకప్పు కూలిన చోట ఆ నీళ్ళు కనిపిస్తాయి, అదే సెనోటే. ఇక్కడి ప్రాచీన మాయా జనం వీటిని నమ్ముకునే ఊళ్ళు కట్టుకున్నారు, వాన దేవుడు చాక్‌కి వీటిలో కానుకలు వేశారు. మన బెలూం గుహల్లో పాతాళగంగ దాకా దిగినవాళ్ళకి ఆ రాయి, ఆ చెమ్మ గుర్తొస్తాయి.

కాంకూన్ నుంచి వయ్యదోలిద్‌కి ఏడీఓ కంపెనీ బస్సులో రెండు గంటల పైనే పడుతుంది. సీట్లు బాగుంటాయి, ఏసీ మాత్రం వణికిస్తుంది, శాలువా దగ్గర పెట్టుకోండి. వయ్యదోలిద్ టైం కాంకూన్ కంటే గంట వెనక. వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరిగొచ్చి ఫ్లైట్ అందుకోవాలంటే ఆ గంట పోతుంది, లెక్క వేసుకోండి. పాస్‌పోర్ట్‌లో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు.

మేం దిగింది ప్లాజాకి, అంటే ఊరి నడిబొడ్డు కూడలికి, దగ్గర్లో ఒక పాత ఇంట్లో. మన మండువా లోగిలిలాగా మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. గది శుభ్రంగా ఉంది, ఊయల మంచాలు పిల్లలకి తెగ నచ్చాయి. టిఫిన్ మాత్రం ఆలస్యం. పొద్దున్నే బయల్దేరేవాళ్ళు ముందు రోజే పళ్ళు, బ్రెడ్ కొని పెట్టుకోవాలి.

మొదట ష్కెకెన్, సాములా సెనోటేలు. ఊరికి 7 కిలోమీటర్ల దూరంలో, ఒకే ఆవరణలో రెండూ ఉన్నాయి. అద్దె సైకిల్ మీద కూడా వెళ్ళొచ్చు, మేం టాక్సీలో వెళ్ళాం. ష్కెకెన్‌లోకి దిగే దారి ఇరుకు, మెట్లు తడిగా జారతాయి. తల వంచుకుని నడిచి లోపలికి చేరాక ఒక్కసారిగా పెద్ద గుమ్మటం. పైనుంచి రాతి ఊడలు వేలాడుతుంటాయి, కప్పులో ఒక చిన్న కన్నం, అందులోంచి పడే వెలుగు కింద నీళ్ళు నీలంగా మెరుస్తాయి. నీళ్ళు చల్లగా ఉంటాయి, కానీ రెండు నిమిషాల్లో ఒళ్ళు అలవాటు పడుతుంది. వెల్లకిలా తేలుతూ ఆ కప్పుని చూస్తుంటే పైకి రాబుద్ధి కాలేదు. సాములాలో పైనున్న చెట్టు వేళ్ళు కన్నంలోంచి దిగి నీళ్ళ వైపు సాగుతాయి. చూడ్డానికి ష్కెకెన్, తీరిగ్గా ఈదడానికి సాములా, ఇది నా లెక్క.

చాలా చోట్ల ఒడ్డు దాటితే లోతే. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి. దిగేముందు షవర్ చేయాలి, సన్‌స్క్రీన్ రాసుకోకూడదు. దీన్ని గేటు దగ్గర తంతు అనుకోకండి. ఇక్కడి నీళ్ళన్నీ నేల కింద ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి, ఊళ్ళ బావులకి వచ్చేదీ ఆ నీరే. మన ఒంటి మీద క్రీమ్ వాళ్ళ తాగునీటిలో కలవకూడదు. కొందరు టూరిస్టులు షవర్ తప్పించుకుని దూకేస్తుంటే నాకు నిజంగా బాధేసింది.

సుయ్‌తున్ సెనోటే ఫోటోల్లో అద్భుతం. నీళ్ళ మధ్యకి రాతి వేదిక, దాని మీద వెలుగు స్తంభం. కానీ ఆ వేదిక మీద నిలబడే ఫోటో కోసం క్యూ ఉంటుంది. ఈత మీదే ఆసక్తి ఉంటే వదిలేయొచ్చు. చిచెన్ ఇట్జా దగ్గరి ఇక్ కిల్ పెద్దది, అందమైనది. నీటిమట్టం నేలకి 26 మీటర్ల కింద ఉంటుంది. మధ్యాహ్నం టూర్ బస్సులు వచ్చాక మాత్రం లోపల తొక్కిసలాటే.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే ఊళ్ళోనే ఉన్న సాకీ మంచిది. ప్లాజా నుంచి నడిచి వెళ్ళొచ్చు. సగం పైకప్పు తెరిచి ఉంటుంది, గాలీ వెలుతురూ బాగా వస్తాయి. మెట్లున్నాయి కానీ ష్కెకెన్ అంత ఇబ్బంది లేదు, వాళ్ళు పైనే కూర్చుని చూడొచ్చు కూడా.

తిండి దగ్గర శాకాహారులకి ఒక జాగ్రత్త. చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు కలపడం మామూలు. "సిన్ మాంతెకా" (పంది కొవ్వు లేకుండా) అని అడిగి తీసుకోండి. మాంసం తినేవాళ్ళు అరటాకులో చుట్టి వండే పంది మాంసం వంటకం కొచినీతా పిబీల్ వదలొద్దు. సాయంత్రం ప్లాజాలో మార్కెసీతా బండి ఉంటుంది, కరకరలాడే పొరలో చీజ్ తురుము వేసి చుట్టి ఇస్తారు. బండ్ల దగ్గరా, సెనోటే గేట్ల దగ్గరా నగదు పెసోలు ఉంటే పని తేలిక.

ఇంకో పూట మిగిలితే, కుర్రాళ్ళు ఉంటే, ఓష్మాన్ సెనోటేకి వెళ్ళండి. అక్కడ తాడు పట్టుకుని ఊగి నీళ్ళలోకి దూకొచ్చు, మా వాళ్ళని అక్కడి నుంచి కదిలించడానికి చాలాసేపు పట్టింది.