క్వార్ట్జ్ ట్యూబు కొనేవాళ్ళకు హెచ్చరిక: ‘99.99% ప్యూరిటీ’ చూసి మోసపోకండి

ఫర్నేసుకి (బాగా వేడెక్కే కొలిమికి) క్వార్ట్జ్ ట్యూబు, అంటే సిలికాతో చేసిన గాజు గొట్టం, కొనబోతున్నవాళ్ళు ఆర్డరు పెట్టే ముందు ఇది చదవండి. 99.99% ప్యూరిటీ అని రాసిన ట్యూబు తెప్పించాను. 1,150 డిగ్రీల దగ్గర నడుస్తుండగా మధ్యలో కిందికి వంగిపోయింది. పక్కన పెట్టిన కొన్నాళ్ళకి, ఎవరూ ముట్టుకోకుండానే, అతుకు దగ్గర పగులు పాకింది.

అమ్మినవాళ్ళని అడిగితే, “ఒట్టి చేతులతో పట్టుకునుంటారు” అని తేల్చేశారు. వేలిముద్రల్లోని సోడియం వేడికి గాజుని క్రిస్టోబలైట్‌గా (సిలికా స్ఫటికంగా) మారుస్తుంది, నిజమే. అప్పుడు తెల్లమచ్చలు రావాలి కదా! నా ట్యూబు ఒంగినా అద్దంలా తేటగానే ఉంది.

అసలు కిటుకు ఆ అంకెలో ఉంది. ప్యూరిటీ శాతంలో లెక్కగట్టేది లోహ మలినాలనే. గాజులో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్–హైడ్రోజన్ జంట) రూపంలో ఇరుక్కున్న నీటిని అందులో కలపరు. శూన్యంలో కరెంటుతో కరిగించిన రకంలో అది 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు) లోపే ఉంటుంది. మంటతో కరిగించిన దాంట్లో 150–200 దాకా ఉంటుంది. సిలికాన్ టెట్రాక్లోరైడ్‌ని మంటలో మండించి చేసే సింథటిక్ సిలికాలో లోహాలు దాదాపు ఉండవు గానీ, నీరు 1,000 పీపీఎం వరకూ ఉండొచ్చు. అల్ట్రావయొలెట్ పనులకి అది మేలిరకం, ఫర్నేసుకి మాత్రం కాదు. సిలికాన్–ఆక్సిజన్–సిలికాన్ వంతెనలు హైడ్రాక్సిల్ ఉన్నచోటల్లా తెగి ఉంటాయి. అల్లిక వదులైపోయి, తక్కువ వేడికే గాజు సాగుతుంది. ఐఆర్ (పరారుణ కాంతి) స్పెక్ట్రంలో 2.73 మైక్రాన్ల దగ్గర శోషణ చూస్తే హైడ్రాక్సిల్ బయటపడుతుంది. నా ముక్కలో అది లోతుగా కనబడింది.

ఇక పగులు సంగతి. అతుకు వేశాక అనీల్ చెయ్యకుండానే, అంటే మళ్ళీ వేడిచేసి మెల్లగా చల్లార్చి లోపలి ఒత్తిడి తియ్యకుండానే, పంపేశారు. ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ షీట్ల మధ్య పెడితే, అతుకు చుట్టూ వెలుగు పట్టీలు మెరిశాయి. అదంతా లోపల మిగిలిపోయిన ఒత్తిడి. లాగబడి ఉన్న బంధం దగ్గరికి గాలిలోని తేమ చేరితే, దాన్ని తెంపి రెండు హైడ్రాక్సిళ్ళుగా మార్చేస్తుంది. పగులు కొస అలా మెల్లగా ముందుకి జరుగుతూ పోతుంది. పార్సిల్ విప్పిన రోజు బాగానే ఉందని సంబరపడొద్దు.

హైడ్రాక్సిల్ ఎన్ని పీపీఎం, ఎలా కరిగించారు, అతుకు తర్వాత అనీల్ చేశారా అన్నవి రాతపూర్వకంగా అడగండి. నన్ను ముంచినవాళ్ళు ఈ మూడింటికీ ప్యూరిటీ సర్టిఫికెట్టే మళ్ళీ మళ్ళీ పంపారు. డబ్బు వాపసు ఊసెత్తాక అదీ ఆపేశారు.