పడవకి పగ్గం: 30 అంగుళాల డ్రిఫ్ట్ సాక్

టెక్సస్‌లో తవాకొనీ చెరువు మీద గాలి లేచిందంటే మా 14 అడుగుల అల్యూమినియం పడవ ఎండుటాకే. ఎర వేసేలోపే జాగా దాటిపోతాం. బ్లూ క్యాట్‌ఫిష్‌కేమో ఎర అడుగుకి దగ్గరగా, నింపాదిగా కదలాలి. అందుకని పడవకి కట్టి నీళ్లలో వదిలితే నీళ్లు నింపుకుని దాని వేగం తగ్గించే సంచి, ఈ డ్రిఫ్ట్ సాక్ కొన్నాను.

చూడ్డానికి నైలాన్ గరాటు. పెద్ద మూతి, తోకలో చిన్న కన్నం. మూతికి పైన బెండు, కింద సీసం గుండు ఉన్నాయి కాబట్టి నీళ్లలో మెలిపడకుండా తెరుచుకుంటుంది. మొదటిసారి చూసి మా బావ "ఏంట్రా, పడవకి పావడా కట్టావా?" అన్నాడు. గంటకి 1.6 మైళ్లు చూపిస్తున్న జీపీఎస్ 0.7కి దిగాక నోరు మెదపలేదు. ఆ పూట మూడు చేపలు.

తిట్టుకున్నవీ ఉన్నాయి. తోకకి కట్టి లాగే సన్నతాడు ప్యాకెట్లో లేదు. అది లేకపోతే నిండిన సంచిని మూతి వైపు నుంచే లాగాలి, భుజాలు పోతాయి. హార్డ్‌వేర్ షాపులో కొని కట్టుకున్నాను. ఇచ్చిన క్లిప్పు రెండు నెలలకే తుప్పు పట్టింది, స్టీలుది వేశాను. సాక్, గాలాలు రెండూ గాలి వచ్చే వైపే ఉంటాయి కదా, ఒక చేప తాడు చుట్టూ తిరిగి లైన్ తెంపుకుపోయింది. ఇప్పుడు చేప తగలగానే ముందు సాక్ లాగేస్తున్నాం.

ఒక్క మాట: అలలు పెద్దవైతే దీన్ని పడవ వెనక కట్టొద్దు, నీళ్లు లోపలికొస్తాయి. ముక్కుకే కట్టండి.